ఆవు వంతు గోడ

ఏనుగులు రోడ్డు దాటేదాకా బస్సు కదలదని చెప్పి, కండక్టరు కిందికి దిగి బీడీ ముట్టించుకున్నాడు. టీ అంగడి ముందు బండి ఆగినంత నిదానంగా చెప్పాడు ఆ మాట. వి.కోట దాటి పలమనేరు వైపు అడవిలోకి వచ్చాక ముందర లారీలు, లారీల ముందర అటవీ శాఖ జీపు, దాని ముందర ఎక్కడో మలుపులో ఏనుగుల మంద, అందులో ఒక గున్న ఉందంట, గున్న పాలు తాగుతూ ఉంటే తల్లి అక్కడి నుంచి కదలదంట. కదలకపోనీ, తల్లి కదా, దాన్ని నేనేమీ అనను. నా కోపం ఏనుగుల మీద కాదు. ఫోను తీసి చూస్తే సిగ్నల్ లేదు, కిటికీ బయట పెట్టి చూసినా లేదు. ఈ పాటికి పుంగనూరులో నా ఇంటి ముందర పనివాళ్ళు కట్టెలు కట్టి ఎక్కడానికి సిద్ధంగా ఉంటారు, మదనపల్లె నుంచి వచ్చిన పూత డబ్బాలు అరుగు మీద పేర్చి ఉంటారు, నా గోడను చెక్కేయడానికి రాహుకాలం ఎప్పుడైపోతుందా అని కాచుకుని ఉంటారు. ఈ రోజు సోమవారం కాబట్టి బతికిపోయాను. సోమవారం పొద్దున రాహుకాలం తొమ్మిదింటికి గానీ వదలదు, అది వదిలేదాకా మా ఆయన గడ్డం కూడా గీసుకోడు, ఇక గోడ మీద ఉలి వేయనిస్తాడా. ఆ లోపల నేను ఇంటి ముందు దిగిపోవాలి. దిగి, ఆ ఉలికీ నా గోడకీ మధ్యలో నిలబడాలి. నిలబడి ఏం చెప్పాలనేది మాత్రం కుప్పంలో బస్సెక్కినప్పటి నుంచీ తేలడం లేదు.

నిన్న రాత్రి చేతన్ ఫోన్ చేశాడు. నా కొడుకే, నేను కన్నవాడే. పనోళ్ళు ఖాళీగా దొరికినారమ్మా, రేపే మొదలుపెడతాండాం, రాహుకాలం తగలకుండా సూసుకుంటాంలే, అన్నాడు. నా దిగులంతా రాహుకాలం గురించే అన్నట్టు. నేను కుప్పం నుంచి తిరిగి వచ్చేదాకా గోడ ముట్టుకోం అని మాట ఇచ్చింది ఎవరు? వీడూ, వీళ్ళ నాన్నా, ఇద్దరూ, నేను పెట్టిన సంగటి తింటూ ఇచ్చిన మాట అది. అక్కను చూసి నాలుగు రోజులుండి వద్దామని నేను ఊరు దాటానో లేదో పనివాళ్ళు ఖాళీగా దొరికిపోయారు. నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు తీరిక లేదు పాపం. ఇంత మాత్రం తెలుసుకోలేనిదాన్నా నేను? ఎదురుగా నిలబడి అడ్డం చెబుతానని తెలుసు, అడ్డం చెబితే సమాధానం చెప్పాలి, సమాధానం లేదు కాబట్టి నేను లేని పూట చూసుకున్నారు. దొంగతనానికి వచ్చేవాడు కూడా ఇంటివాళ్ళు ఊళ్ళో లేని రోజే వస్తాడు.

పక్క సీటులో మునీశ్వరి అని ఒకామె, కాళ్ళ దగ్గర చామంతి గంప పెట్టుకుని కూర్చుంది. పలమనేరులో అమ్ముకోవాలంట. ఆ పూలు వాడిపోతే ఆమె బేరం పోయినట్టే, అయినా ఆమె మొగం కడిగిన పళ్ళెంలా ఉంది, నేనే లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడి తొంగి చూస్తున్నాను. యాలమ్మా అంత ఆత్రం, ఇంటికాడ ఎవురికైనా బాగలేదా అని అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, గోడ, అన్నాను. గోడ పడిందా అంది. పడలేదు, నిలబడిందాన్ని నిలబెట్టే సంపుతాండారు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, కాకపోయినా తల ఊపి, గంప మీద తడిగుడ్డ సరిచేసుకుంది. అర్థం కానప్పుడు నవ్వకుండా తల ఊపింది చూడు, అందుకు ఆమెకు దండం పెట్టాలి. మదనపల్లెలో ఆ రోజు పూతల అంగట్లో ఆ ముగ్గురు మగవాళ్ళకు అంత మర్యాద కూడా లేకపోయింది.

ఆ అంగడి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. లోపల ఏసీ, గాజు బల్ల, గోడ నిండా పలకలు, పలక పలకకూ ఒక రకం పూత. అంగడాయన యువరాజ్ మాకు కూల్ డ్రింకులు తెప్పించి, ఒక్కొక్క పలకా తీసి మా ఆయన చేతికిచ్చాడు, చేతన్ చేతికిచ్చాడు, నా చేతికి మాత్రం రంగుల కార్డు ఇచ్చాడు. ఆడవాళ్ళు రంగు చూసుకుంటే చాలు కాబోలు. ఇది ప్లాస్టిక్ కలిసిన పూతక్కా, వాన తగిలినా జారిపోతాది, పదేండ్లు సూసుకునే పన్లేదు, అన్నాడు. ఆఖరికి ఒక పలక తీసి దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా పట్టుకుని, ఇది సూడండక్కా, రస్టిక్ ఫినిష్, అచ్చం చేత్తో సున్నం పూసినట్టే ఉంటాది, వేళ్ళ గుర్తులు కూడా వస్తాయి, అన్నాడు. నేను ఆ పలక మీద చెయ్యి పెట్టాను. నిజమే, వేళ్ళు లాగిన చారలున్నాయి. ఎవరి వేళ్ళవి? ఏదో ఫ్యాక్టరీలో దువ్వెన లాంటి దానితో గీసిన చారలు. నా ఇంటి గోడ మీద నా వేళ్ళ చారలున్నాయి, వాటి కింద మా అత్త శాంతమ్మ వేళ్ళ చారలున్నాయి, వాటిని ఉలితో చెక్కి తీసేసి, వాటి చోట డబ్బాలో వచ్చిన వేళ్ళ గుర్తులు పూస్తారంట, చేత్తో పూసినట్టు కనపడడానికి. ఇంతకంటే ఎగతాళి ఏముంటుంది ఒక మనిషికి? నాకు అప్పుడు వచ్చిన మాట ఒక్కటే. ఈ పూతను ఆవు నాకితే ఏమవుతాది అని అడిగాను.

యువరాజ్ ముందు చేతన్ మొగం చూసి, తర్వాత నవ్వాడు. చేతన్ సిగ్గుపడుతూ తల దించుకుని నవ్వాడు, అమ్మ ఇంతే సార్ అన్నట్టు. మా ఆయన కాస్త ఆలస్యంగా, వాళ్ళిద్దరూ నవ్వారు కాబట్టి నవ్వాడు. ఆ కడపటి నవ్వే నాకు ఎక్కువ మండింది. మిగతా ఇద్దరికీ తెలియకపోవచ్చు, ఆయనకు తెలుసు కదా, ఆయన పుట్టి పెరిగిన గోడ కదా అది, ఆ గోడకు ఈశాన్యం మూల ఆవు నాలిక పట్టేంత గుంత ఉందని ఆయనకు తెలియదా? ఆ గుంత ఎందుకుందో, ఎవరిదో తెలియదా? తర్వాత వాళ్ళు రంగు సంగతికి వెళ్ళిపోయారు, తెలుపా, గంధం రంగా అని. నా ప్రశ్న ఆ గాజు బల్ల మీద, తాగని కూల్ డ్రింకు పక్కన అట్లాగే ఉండిపోయింది.

మా ఇంటిది రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడ, పైన సున్నం, ఇసక కలిపిన గచ్చు. నేను కోడలిగా వచ్చిన ఏడాది ఉగాదికి ముందు శాంతమ్మ నన్ను పెరట్లోకి పిలిచి బాన చూపించింది. సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే అది అన్నం మాదిరి కుతకుత ఉడికింది, పొగ లేచింది, నేను జడిసి వెనక్కి దూకితే ఆమె నవ్వింది, అది మంచి నవ్వు. ఆ సున్నాన్ని నానబెట్టి, నీళ్ళు ఇంకనీయకుండా చూసుకుని, దంచిన కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్ళు దాంట్లో పోసి, గుడ్డలో వడకట్టి, గచ్చు ఊడిన చోట చేత్తో మెత్తి, మీద కిత్తనార కుంచెతో పూత వేయడం. చేతులు పొక్కేవి, రాత్రికి కొబ్బరినూనె రాసుకుని ముద్ద తినలేక చెంచాతో తినేదాన్ని. గోడంతా అయ్యాక ఈశాన్యం మూల గుంత దగ్గరికి వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇది పూడ్చగాకు, ఇది ఆవుల వంతు, అంది. ఆ గుంతలో పలచగా ఒక్క పూత వేసి, అందులో కాస్త ఎక్కువ బెల్లం నీళ్ళు కలిపింది. మా ఇళ్ళల్లో ఆవులు పొట్టివి, పొద్దున్నే కట్టు విప్పగానే ఆ గుంత దగ్గరికి పోయి నాలికతో గీకి గీకి నాకుతాయి, ఆ సున్నం వాటికి కావాలి, ఆ తీపీ కావాలి. ఎన్ని ఆవుల నాలికలు తాకి అరిగిన గుంతో అది. ఇప్పుడున్న పొట్టెమ్మ కూడా పాలు పితకడానికి ముందు అక్కడికి పోయి రావాల్సిందే, పోనీయకపోతే పాలు దిగవు. ఉగాది ఉగాదికీ మనుషులకు బట్టలు పెట్టినట్టు ఆ గుంతకు ఒక పూత పెట్టడం మా ఇంటి పద్ధతి, శాంతమ్మ పోయాక అది నా పని.

కష్టం లేదని నేను అనను. అంటే అబద్ధమవుతుంది. ప్రతి వానకూ సున్నం కొంత కొట్టుకుపోతుంది, నేలకు దగ్గర గచ్చు పెచ్చులుగా ఊడింది, అక్కడ మట్టి కనపడుతోంది, దానికి వైద్యం కావాలని మొదట చెప్పిందే నేను. గచ్చు పనే చేయిద్దాం అన్నాను. గచ్చు మెత్తే మేస్త్రీలు దొరకరమ్మా అన్నాడు చేతన్. వెతికితే దొరుకుతారు, గుర్రంకొండ పక్కన ఉన్నారంట అన్నాను. సున్నం నానాలి, ఒక పూత ఆరినాక ఇంకో పూత, నెలలు పడతాది, అప్పటికి సీజన్ అయిపోతాది అన్నాడు. వాడి తొందర వాడిది. అంగళ్లులో ఇంజనీరింగు చదివినవాడు, ఉద్యోగం చేయను, మన ఇంటినే విడిదిగా మారుస్తాను, హార్స్లీ హిల్స్ చూడ్డానికి బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళు తిరుగుదారిలో మన ఇంట్లో దిగుతారు, పొట్టి ఆవును చూస్తారు, సంగటి తింటారు అన్నాడు. మంచిదే, నేను కాదన్నానా. ఊళ్ళో ఉంటానన్నాడు, సంతోషపడ్డాను. కానీ వాళ్ళకు పల్లెటూరు కనపడాలంట, అందుకని పల్లెటూరిని చెక్కేసి పల్లెటూరి డిజైను పూయాలంట. పొట్టెమ్మను ఇప్పటికే ఒకసారి నడింట్లో సోఫా పక్కన నిలబెట్టి వీడియో తీశాడు. అది బెదిరి పేడ వేస్తే కడిగింది నేను. నీ కష్టం తప్పిద్దామనే గదమ్మా అంటాడు. నా కష్టం మీద వీడికి అంత జాలి ఉంటే ఏ ఉగాదికైనా కుంచె పట్టుకున్నాడా? నా కష్టం నాది, నాకు భుజాలు నొప్పి పుడతాయి, ఆ నొప్పితోనే ఆ గోడ నాదయింది. అది తీసేసి నన్ను సుఖపెట్టమని నేను ఎవరినీ అడగలేదు.

బయట ఏదో కొమ్మ విరిగిన చప్పుడు. బస్సులో గుసగుసలన్నీ ఆగిపోయాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అడవి వాసన, డీజిలు వాసన, చామంతి వాసన కలిసి వస్తున్నాయి, ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. నాకు కుప్పంలో అక్క ఇంట్లో వచ్చిన వాసన గుర్తొచ్చింది, ఆ వాసన ముక్కులోంచి పోవడం లేదు.

అక్క పార్వతమ్మ ఇంటికి నిరుడు ఈ పూతే వేయించారు. మా బావ గిరిబాబు ఏది చేసినా వీధికి తెలిసేలా చేస్తాడు. గోడ ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాడు, ఆ ఫోటోలు చూసే మా ఆయనకు ధైర్యం వచ్చింది, చేతన్‌కు ఆశ పుట్టింది. వాళ్ళదీ మా మాదిరి పాత మట్టిగోడే. నేను వెళ్ళేసరికి బయట నుంచి గోడ కొత్త పెండ్లికొడుకులా ఉంది. లోపల నడింట్లో బీరువా ఎప్పుడూ ఉండే చోట లేదు, ఆ గోడకే లోపలి వైపు ఆనించి ఉంది, దారికి అడ్డంగా, నడిచే ప్రతివాళ్ళ మోచేతికీ తగిలేలా. ఇదేందక్కా ఈడ పెట్టినావు అంటే ఊరికే అంది. మూడు రోజులు ఊరికే అంది. నిన్న చీకటి పడే వేళ బావ ఊళ్ళోకి పోయినాక, బీరువా వెనక పడిన గాజు తీయడానికి ఇద్దరం దాన్ని జరిపాం. గోడ ఉబ్బి ఉంది. సున్నం పొడిగా రాలి కింద కుప్పగా పడి ఉంది, తడిసిన గోనెసంచి వాసన. నేను చెయ్యి ఆనిస్తే గోడ మెత్తగా లోపలికి పోయింది, నానిన అటుకుల్లో వేలు పెట్టినట్టు. నేల నుంచి ఎక్కే చెమ్మ మట్టిగోడలో ఎప్పుడూ ఉంటుంది, సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, ఆరిపోతుంది, అది మేము చిన్నప్పటి నుంచీ చూసిందే. ఈ పూత దాన్ని వదలదు. బయటి నుంచి వాన లోపలికి పోనీయదు, అది నిజమే, లోపలి నుంచి చెమ్మను బయటికీ పోనీయదు. మూతపెట్టిన గిన్నెలో గోడ ఉడికిపోతోంది, బయట మాత్రం వేళ్ళ గుర్తుల డిజైను.

నాకు ఏడుపొచ్చింది, అక్క ఏడవలేదు. బీరువాను మళ్ళీ గోడకు జరపమంది. ఆ వీధిలో బావ మాట నమ్మి ఇంకా కొన్ని ఇండ్లు ఇదే పూత వేయించుకున్నాయంట, వాళ్ళకు తెలిస్తే బావ తల ఎత్తుకోలేడంట. నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు పాపా. మీ ఇంటాయనకు గూడా చెప్పొద్దు. నలుగురికీ తెలిస్తే ఈయప్ప మళ్ళా మనిషి కాడు" అంది. చెప్పను అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను, అక్క తల నా చేతి కింద ఉంటే. బీరువా జరిపాం. చేతులు కడుక్కుని అన్నం వండుకున్నాం. అప్పుడే చేతన్ ఫోన్ వచ్చింది, రేపే మొదలుపెడతాండాం అని.

ఇప్పుడు చెప్పు, నేనేం చేయాలి. రుజువు నా చేతిలో ఉంది, ఆ గోడ మెత్తదనం ఇంకా నా వేళ్ళకు తెలుస్తోంది, కానీ నోరు కట్టేసి ఉంది. చెబితే అక్క ఒట్టు తీసి గట్టున పెట్టినట్టు, బావ పరువు తీసినట్టు. చెప్పకపోతే నా గోడ పోయినట్టు, శాంతమ్మ నా చేతిలో పెట్టింది పోయినట్టు, పొట్టెమ్మ గుంత పూడిపోయినట్టు. కుప్పం నుంచి దారి పొడుగునా ఇదే తిప్పుతున్నాను. ఫలానావాళ్ళ ఇంట్లో చూశాను అందామా, ఎవరా ఫలానావాళ్ళు అంటారు. పేపర్లో చదివాను అందామా, యాడుండాది పేపరు అంటాడు చేతన్. అయినా నాకు అర్థం కానిది ఒకటుంది. నేను ఎందుకు రుజువు చూపించాలి? యువరాజ్ ఏం రుజువు చూపించాడు? పలక చూపించాడు. బావ ఏం చూపించాడు? ఫోటో చూపించాడు. వాళ్ళకది చాలింది. ఇరవై ఏండ్లకు పైగా ఆ గోడకు నా చేతులు రాస్తూ వచ్చాను, నాకు వద్దు అంటే చాలదు, నేను మాత్రం ఎవరింటి గోడో పడగొట్టి చూపించాలి. ఏ లెక్కన ఇది న్యాయం?

మా ఆయన చెడ్డవాడేం కాదు. అదే నా మంట. తాగడు, తిట్టడు, దాణా అంగడి చూసుకుంటాడు, పొద్దు మునగకముందే ఇంటికి వస్తాడు. ఏ పనైనా అడక్కుండా చేయడు. ఆవుకు తవుడు మార్చాలంటే పశువుల డాక్టరును అడుగుతాడు, బోరు వేయాలంటే నీళ్ళు చూసేవాణ్ణి అడుగుతాడు, ప్రయాణమంటే పంచాంగం అడుగుతాడు, గోడంటే బావను అడిగాడు, అంగడాయన్ని అడిగాడు, కొడుకును అడిగాడు. అందరినీ అడుగుతాడు. అందరూ అయిపోయాక ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పుతూ, ఫలానా పని చేస్తాండాం అని నాకు చెబుతాడు. చెప్పడం ఉంది, అడగడం లేదు. నేను ఏదన్నా అంటే గట్టిగా కాదనడు కూడా, నవ్వుతాడు. గట్టిగా అన్నా బాగుండేది, పోట్లాడడానికి ఒక మాట దొరికేది. నవ్వుతో ఎవరు పోట్లాడగలరు?

సరే, ఈసారి పోట్లాడతాను. రుజువూ వద్దు, అక్క పేరూ వద్దు. పోయి గుంత ముందర నిలబడతాను. ఎందుకంటే నాకు ఇష్టం లేదు, అంతే. ఎవరైనా నవ్వితే నవ్వనీ, నవ్వుతూ నన్ను జరిపి పూయమంటాను. ఈ మాట అనుకున్నాక గుండెలో కాస్త నెమ్మది వచ్చింది, అప్పుడే ముందు లారీ స్టార్టయిన శబ్దం వినిపించింది. మలుపు దగ్గర రాళ్ళ మధ్య బూడిదరంగు వీపులు కిందికి దిగుతూ కనపడ్డాయి, వాటి మధ్యలో ఎర్రమట్టి పూసుకున్న గున్న ఒక్క క్షణం కనపడి పొదల్లోకి పోయింది. ఎవరో దండం పెట్టారు. నేనూ పెట్టాను. కండక్టరు ఎక్కి రైట్ రైట్ అన్నాడు. రాహుకాలం ఇంకా వదల్లేదు. అందుకుంటాను అనుకున్నాను, డ్రైవరు కాస్త తొక్కితే అందుకుంటాను.

అడవి దిగి పలమనేరు ఇండ్లు కనపడేసరికి ఒళ్ళో ఫోను బతికింది. మా ఆయన చేసిన కాల్స్ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అంతలోనే మళ్ళీ మోగింది.

"యాడుండావు?" అన్నాడు.

"పలమనేరులో. గోడ ముట్టుకోనియ్యొద్దండీ, నేను వస్తాండా, నాకు ఇష్టం లేదు" అన్నాను, అనుకున్నదంతా ఊపిరి తిప్పుకోకుండా.

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. గొంతు ఎప్పుడూ లేనంత పలచగా ఉంది. ముక్కలు ముక్కలుగా చెబుతూ పోయాడు, నేను ఏరుకుని అర్థం చేసుకున్నాను. రాహుకాలం అయ్యాక కాదంట, అది రాకముందే మొదలుపెట్టారంట. మంచి గడియలో చెయ్యి పెట్టేస్తే మిగతా పని తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చని. ఇన్నేండ్లు ఆ మనిషితో ఉండి ఈ ఒక్కటి నాకు తట్టలేదు, రాహుకాలానికి జడిసేవాడు దానికి ముందే లేస్తాడని. తెల్లవారగానే పనివాళ్ళను పిలిపించి, కొబ్బరికాయ కొట్టి, శాస్త్రానికి ఈశాన్యం మూల గోడ చెక్కించి, ఆ డబ్బా పూత ఒక పలకంత మేర వేయించి, ఏడున్నర కాగానే అందరూ చేతులు కడుక్కుని టిఫిను తినడానికి పోయారంట. ఈశాన్యం మూల. పొట్టెమ్మ మూల. చేతన్ రోజూ మాదిరే దాని కట్టు విప్పాడంట. అది రోజూ మాదిరే తన గుంత దగ్గరికి పోయిందంట.

"పచ్చి పూతంతా నాకేసింది. నురగ కక్కుతాంది, దగ్గుతాంది" అన్నాడు. "డాక్టరొచ్చినాడు, ఆ డబ్బాలో ఏం కలిపినారని అడుగుతాండాడు. డబ్బా మీద రంగు పేరే ఉండాది. యువరాజ్ ఫోన్ ఎత్తడంలే."

మూతి నీళ్ళతో కడగండి, ఇంకేమీ తాపొద్దు, డాక్టరు చెప్పినట్టు చేయండి అన్నాను. ఆయన సరే సరే అన్నాడు. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఎన్నాళ్ళయిందో ఆ నోట నా పేరు విని.

"అంబికా, ఆ పొద్దు అంగట్లో నువ్వు అడిగినావు గదా, ఆవు నాకితే ఏమవుతాదని. ఆయప్ప ఏం చెప్పినాడు?"

బస్సు పలమనేరు స్టాండులోకి తిరుగుతోంది. మునీశ్వరి గంప ఎత్తుకోవడానికి వంగి, నా మొగం చూసి ఆగిపోయింది.

"ఏమీ చెప్పలేదు" అన్నాను. "నవ్వినాడు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీరూ నవ్వినారు."

పొట్టెమ్మ దగ్గు వినిపించింది, బకెట్టు చప్పుడు, ఎవరో నీళ్ళు నీళ్ళు అంటున్నారు. ఆయన ఫోను నోటికి దూరంగా పెట్టి పనివాళ్ళతో అన్న మాట వినపడింది, డబ్బాలకు మూతలు పెట్టి బండికెత్తండప్పా, ఆమె వచ్చేదాకా ఎవురూ గోడకాడికి పోవద్దు, అని. పొద్దున బస్సెక్కినప్పటి నుంచీ నేను కోరుకున్న మాట అదే. నాకు ఏ కోశానా సంతోషం కలగలేదు. నోరున్న నేను అడిగితే వినపడలేదు, నోరులేనిది నురగ కక్కితే వినపడింది. ఈ కోపం ఈ జన్మకు చల్లారదు, చల్లార్చుకోను కూడా. ఫోను పెట్టేసి కొంగుతో చేతులు తుడుచుకున్నాను. మునీశ్వరి గంప నడుం మీదికి ఎత్తుకుని, గోడ నిలబడిందామ్మా అని అడిగింది.

"గోడ నిలబడింది" అన్నాను. "ఆవు సంగతే తెలీదు."